పల్నాడులో అద్దె ఇళ్ళు - ఖర్చులు, బీమా

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని పల్నాడు జిల్లా పట్టణాలలో, ముఖ్యంగా నరసరావుపేట, మాచర్ల, గురజాలలలో, ఇల్లు కట్టి అద్దెకు ఇవ్వడం ఉద్యోగులు, రైతులు మరియు చిన్న వ్యాపారులు తమ పొదుపును నిలుపుకొనే మార్గాలలో ఒకటి. నెలనెలా చేతికి వచ్చే అద్దె మొత్తం రాబడి కాదు. అందులోనుండి ఇంటి పన్ను, మరమ్మతులు, ఇల్లు ఖాళీగా ఉన్న నెలల నష్టం, బీమా రుసుము, అప్పు ఉంటే దానిపై వడ్డీ పోగా మిగిలినదే నికర రాబడి. ఈ ఖర్చులన్నింటిలో బీమా రుసుము చాలా చిన్నది. అయినప్పటికీ యజమాని లెక్కలోకి రాకుండా పోయేది తరచుగా అదే.

నేపథ్యం

పూర్వపు గుంటూరు జిల్లా నుండి 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 1,17,489. పల్నాటి పల్లెలకు ఇది చాలాకాలంగా విద్యకు, వైద్యానికి, వ్యాపారానికి కూడలి. 2016లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (కాకినాడ) వారి ఇంజనీరింగు కళాశాల ఇక్కడ మొదలైంది. విద్యార్థులు, ఆసుపత్రుల సిబ్బంది, పిల్లల చదువుల కోసం పల్లె విడిచి వచ్చిన రైతు కుటుంబాలు, జిల్లా ఏర్పాటు తరువాత బదిలీపై వచ్చిన ఉద్యోగులు అద్దెదారులలో ప్రధానమైనవారు.

మాచర్లలో పరిస్థితి కొంత వేరు. 1958 నుండి ఇక్కడ కె.సి.పి. సిమెంటు కర్మాగారం ఉంది. నాగార్జునసాగర్ దగ్గరలోనే ఉంది. నాపరాయి వ్యాపారం పాతది. అందువలన అద్దెదారులలో కార్మికులు, లారీల వారు, ప్రాజెక్టు ఉద్యోగులు కనిపిస్తారు. గురజాల రెవెన్యూ డివిజను కేంద్రం. 2020లో నగర పంచాయతీ అయింది. ఇక్కడ అద్దెదారుల సంఖ్య తక్కువ కాబట్టి ఒకసారి ఇల్లు ఖాళీ అయితే మరల నిండడానికి పట్టే కాలం ఎక్కువ.

ఈ పట్టణాలలో అపార్టుమెంట్ల కంటే కింద యజమాని ఉండి, పై అంతస్తును ఒకటి రెండు పోర్షన్లుగా అద్దెకు ఇచ్చే డాబాలే ఎక్కువగా కనిపిస్తాయి. రాష్ట్ర విభజన తరువాత రాజధాని గుంటూరు జిల్లాకు రావడంతో స్థలాల ధరలు పెరిగాయి. అద్దెలు మాత్రం అద్దెదారు జీతాన్ని మించి పెరగలేవు. స్థలం ధరకు, అద్దెకు మధ్య దూరం పెరిగేకొద్దీ ఖర్చుల లెక్క మరింత ముఖ్యమవుతుంది.

రాబడి లెక్క

ఈ క్రింది లెక్క విషయం అర్థమగుటకు ఊహించినది. స్థలం విలువ 30 లక్షలు, కట్టుబడి ఖర్చు 30 లక్షలు, మొత్తం 60 లక్షల రూపాయల ఇల్లు అనుకుందాము. రెండు పోర్షన్లు, ఒక్కొక్కదానికి నెలకు రూ. 9,000 అద్దె. ఏడాదికి రూ. 2,16,000. పెట్టుబడిపై ఇది 3.6 శాతం. సాధారణంగా ఇల్లు అమ్మేవారు, మధ్యవర్తులు చెప్పే లెక్క ఇక్కడితో ఆగిపోతుంది.

ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే రూ. 18,000 పోతుంది. ఇంటి పన్ను రూ. 6,000. మరమ్మతులకు కట్టుబడి ఖర్చులో ఒక శాతం చొప్పున రూ. 30,000. అద్దెదారు మారినపుడు రంగులు, మధ్యవర్తి రుసుము కలిపి రూ. 10,000. బోరు మోటారు, నీళ్ళ ట్యాంకు, సెప్టిక్ ట్యాంకులకు రూ. 6,000. బీమా రూ. 1,800. మొత్తం ఖర్చు రూ. 71,800. మిగిలేది రూ. 1,44,200. అనగా పెట్టుబడిపై 2.4 శాతం. వచ్చిన అద్దెలో మూడో వంతు ఖర్చులకే పోయింది.

ఈ లెక్కలో బీమాకు పోయినది మూడు రోజుల అద్దె మాత్రమే. కాని అగ్నిప్రమాదంలో ఆరు లక్షల రూపాయల నష్టం జరిగితే, ఆ ఒక్క దెబ్బకు నాలుగేళ్ళ పైబడిన నికర రాబడి పోతుంది. ఇరవై లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి అప్పు తెచ్చి ఉంటే మొదటి ఏడాది వడ్డీయే రూ. 1,80,000. అప్పుడు యజమాని తన జేబులోనుండి ఏటా సుమారు 36 వేల రూపాయలు వేసుకోవలసి వస్తుంది. స్థలం ధర పెరుగుతుందన్న నమ్మకమే అటువంటి ఇంటిని నిలబెడుతుంది.

ఇంటి పన్ను

ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాలలో చాలాకాలం పాటు ఇంటి పన్నును వార్షిక అద్దె విలువ ఆధారంగా లెక్కించేవారు. ఇల్లు ఏడాదికి ఎంత అద్దె తేగలదో అంచనా వేసి దానిపై శాతంగా పన్ను వేసేవారు. 2020 నవంబరులో చట్టాన్ని సవరించి, 2021 ఏప్రిల్ 1 నుండి మూలధన విలువ పద్ధతిని ప్రవేశపెట్టారు. రిజిస్ట్రేషను శాఖ నిర్ణయించిన స్థలం విలువ, కట్టడం విలువ కలిపి దానిపై నివాస గృహాలకు 0.10 నుండి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుండి 2 శాతం వరకు పన్ను విధించుటకు వీలు కల్పించారు.

అద్దె ఇళ్ళ యజమానులకు ఈ మార్పు ముఖ్యమైనది. పాత పద్ధతిలో పన్నుకు, అద్దెకు ప్రత్యక్ష సంబంధం ఉండేది. కొత్త పద్ధతిలో అద్దె పెరగకపోయినా స్థలం విలువ పెరిగితే పన్ను పెరగవచ్చు. 2025 ఫిబ్రవరి 1 నుండి రాష్ట్రంలో రిజిస్ట్రేషను విలువలను సవరించారు. పన్ను ఒక్కసారిగా పెరగకుండా ఏడాదికి 15 శాతం పరిమితిని విధించారు. అయితే ఏటా 15 శాతం చొప్పున పెరిగే మొత్తం ఐదేళ్ళలో రెట్టింపు అవుతుందన్నది గుర్తుంచుకోవలసిన విషయం. ఏడాది పన్నంతా ఏప్రిల్ నెలాఖరులోగా చెల్లించినవారికి ఐదు శాతం తగ్గింపు ఇచ్చే ఆనవాయితీ ఉంది.

చెత్త సేకరణకు 2021లో ఇంటింటికీ వినియోగ రుసుము ప్రవేశపెట్టగా, 2024లో దానిని రద్దు చేశారు. అది యజమాని కట్టాలా, అద్దెదారు కట్టాలా అన్నది తగవులకు దారితీసే విషయమే. కొత్త రుసుము ఏది వచ్చినా ఇదే ప్రశ్న వస్తుంది కాబట్టి ఒప్పందంలో ముందే వ్రాసుకోవడం మంచిది.

నేల, ఎండ, నీరు

మరమ్మతుల ఖర్చు ఊరిని బట్టి మారుతుంది. పల్నాడులో దీనికి మూడు స్థానిక కారణాలున్నాయి.

మొదటిది నల్లరేగడి నేల. ఇది వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని బీటలు వారుతుంది. పత్తికి, మిరపకు మేలు చేసే ఈ గుణమే ఇంటికి కీడు చేస్తుంది. తక్కువ లోతు పునాదిపై కట్టిన గోడలు మూలల దగ్గర, కిటికీల పైన ఏటవాలుగా పగులుతాయి. తలుపులు బిగుసుకుపోతాయి. గచ్చు కుంగుతుంది. సిమెంటుతో పూడ్చిన పగులు మరుసటి వేసవికి మళ్ళీ కనిపిస్తుంది. నేల కదలిక తగ్గే లోతు వరకు పునాది తీయడం, ప్లింతు బీము వేయడం, గుంట అడుగున గ్రావెలు లేదా ఇసుక నింపడం, అవసరమైన చోట అడుగు వెడల్పు చేసిన పైల్ పునాదులు వేయడం దీనికి తెలిసిన ఉపాయాలు. ఇంటి చుట్టూ నీరు నిలవకుండా చూడడం కూడా అంతే ముఖ్యం. పునాదిలో మిగిల్చిన డబ్బు తరువాత మేస్త్రి కూలికి పోతుందని ఇక్కడి ఇళ్ళు చూసినవారికి తెలుసు. బీమా ఈ పగుళ్ళకు సాయపడదు. ఆ సంగతి క్రింది విభాగంలో వివరించబడింది.

రెండవది ఎండ. గురజాలకు దగ్గరలోని రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటిగా పేరు పొందినది. పై అంతస్తు స్లాబు పగలంతా కాగి రాత్రి గదులలోకి వేడి విడుస్తుంది. వేసవిలో ఇల్లు చూసిన అద్దెదారు పై పోర్షనుకు తక్కువ అద్దె అడుగుతాడు. స్లాబు వ్యాకోచించి సంకోచించడం వలన సన్నని పగుళ్ళు ఏర్పడి, వానాకాలంలో కారి, లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులు ఊడతాయి. పిడుగురాళ్ళ సున్నం చేరువలో దొరికే ఈ ప్రాంతంలో డాబాపై సున్నం పూత పాత అలవాటు. దాని స్థానంలో వచ్చిన తెల్లని చలువ రంగులకు ఖర్చు ఎక్కువ.

మూడవది నీరు. జిల్లా పశ్చిమ భాగంలో పలుచోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. చవిటి నీరు గొట్టాలలో పొర కట్టి కొళాయిలను, మోటార్లను త్వరగా పాడుచేస్తుంది. పురపాలక కొళాయి ఉన్న ఇంటికి, బోరు మాత్రమే ఉన్న ఇంటికి అద్దెలో తేడా ఉండడానికి కారణం ఇదే.

విద్యుత్తు విషయంలో ఒక చిన్న జాగ్రత్త ఉంది. ఒకే మీటరుపై రెండు కుటుంబాలు వాడుకుంటే మొత్తం యూనిట్లు పై శ్లాబులోకి వెళ్ళి ఇద్దరికీ భారమవుతుంది. పోర్షనుకొక మీటరు పెట్టించుకొంటే ఈ ఇబ్బంది ఉండదు. సర్వీసు యజమాని పేరున ఉంటుంది కాబట్టి అద్దెదారు కట్టకుండా పోయిన బిల్లు చివరకు యజమాని మీదనే పడుతుంది.

బీమా

భారతదేశంలో సాధారణ బీమా వ్యాపారం 1972 చట్టం ద్వారా జాతీయం చేయబడింది. 1999 బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ చట్టం తరువాత ప్రైవేటు కంపెనీలు తిరిగి ప్రవేశించాయి. అగ్ని బీమా ధరలను 2007 వరకు సుంకాల సలహా సంఘం నిర్ణయించేది. ఆ తరువాత కంపెనీలు తమంతట తాము నిర్ణయించుకుంటున్నాయి. 2021 ఏప్రిల్ 1 నుండి నివాస గృహాలకు "భారత్ గృహ రక్ష" అనే ప్రామాణిక పాలసీని నియంత్రణ సంస్థ ప్రవేశపెట్టింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా దీని ప్రధాన షరతులు ఒకటే. రుసుము మాత్రం మారవచ్చు. దానిపై 18 శాతం వస్తుసేవల పన్ను ఉంటుంది. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకు ఇచ్చిన మినహాయింపు ఇంటి బీమాకు వర్తించదు.

ఈ పాలసీ అగ్నిప్రమాదం, పేలుడు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, వాహనాలు ఢీకొనడం, అల్లర్లు, నీళ్ళ ట్యాంకులు, గొట్టాలు పగలడం వంటి వాటి వలన కట్టడానికి కలిగే నష్టాన్ని భర్తీ చేస్తుంది. ఇల్లు నివాసయోగ్యం కానంత కాలం కోల్పోయిన అద్దె కూడా ఇందులో భాగమే. అద్దెకు ఇచ్చేవారికి ఇది చాలా ఉపయోగకరమైన అంశం. దొంగతనం మాత్రం, పైన చెప్పిన ప్రమాదాలలో ఏదైనా జరిగిన ఏడు రోజులలోపు జరిగితేనే వర్తిస్తుంది.

పల్నాడులో భూకంప భయం ఎందుకని అనిపించవచ్చు. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల పరిసరాలలో వచ్చిన ప్రకంపనలు కృష్ణకు ఇరువైపులా జనాన్ని వీధులలోకి తెచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో వేలాది ఇళ్ళను ముంచినది. అంతకు ముందు ఆ ఇళ్ళలో చాలామంది వరదను తమకు సంబంధించిన విషయంగా భావించలేదు.

బీమా మొత్తం ఎంత ఉండాలన్నది తరచుగా పొరబడే విషయం. బీమా చేయవలసినది ఇంటిని తిరిగి కట్టుటకు అయ్యే ఖర్చుకే గాని మార్కెట్టు ధరకు కాదు. స్థలం కాలిపోదు. పై ఉదాహరణలోని 60 లక్షల ఇంటికి 30 లక్షలకు పాలసీ చాలు. దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉంది. బ్యాంకు అప్పు 12 లక్షలు ఉన్నదని 12 లక్షలకే పాలసీ తీసుకుంటే, ఇల్లు పూర్తిగా నష్టమైనపుడు వచ్చిన సొమ్ము బ్యాంకు అప్పుకు సరిపోతుంది. యజమానికి స్థలం మిగులుతుంది.

పాత అగ్ని బీమా పాలసీలలో సగటు నియమం ఉండేది. 30 లక్షల కట్టడాన్ని 15 లక్షలకు బీమా చేస్తే, ఆరు లక్షల నష్టానికి మూడు లక్షలే ఇచ్చేవారు. భారత్ గృహ రక్షలో ఈ నియమాన్ని తొలగించారు. బీమా మొత్తం ఏడాదికి పది శాతం చొప్పున దానంతటదే పెరిగే ఏర్పాటు కూడా చేశారు. పాత పాలసీలలో ఇల్లు 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే, ముందుగా కంపెనీ అనుమతి పొందనిదే రక్షణ కొనసాగేది కాదు. పాత కాగితాలు దాచుకొన్నవారు ఈ తేడాలు గమనించాలి.

ఇక వర్తించనివి. నేల కుంగడం వలన కలిగే నష్టం పాలసీలో ఉన్నప్పటికీ, కొత్త కట్టడం సర్దుకొనేటపుడు వచ్చే మామూలు పగుళ్ళు, పూడ్చిన నేల కుంగడం, లోపభూయిష్టమైన నమూనా, నాసిరకం పనితనం లేదా సామగ్రి వలన కలిగిన నష్టం మినహాయించబడ్డాయి. నల్లరేగడిపై సరైన పునాది లేక పగిలిన గోడకు పరిహారం కోరినపుడు ఎదురయ్యేవి ఈ వాక్యాలే. కాలక్రమంలో జరిగే అరుగుదల, తుప్పు కూడా వర్తించవు. పల్నాటి యజమానికి ఏటా ఎదురయ్యే నష్టాలు బీమాకు వెలుపల ఉన్నాయి. అరుదుగా వచ్చే పెద్ద నష్టాలు బీమా లోపల ఉన్నాయి. "ఇన్నేళ్ళు కట్టాను, ఒక్క రూపాయి రాలేదు" అని పాలసీ మానుకొనే వారి నిరాశకు మూలం ఇదే.

అద్దెదారు తీరు కూడా బీమాపై ప్రభావం చూపుతుంది. భారత్ గృహ రక్ష నివాసానికి వాడే ఇంటికి మాత్రమే. కింది పోర్షనును అద్దెదారు మిర్చి బస్తాలకో, పత్తికో గోదాముగా మార్చితే, లేదా వీధి గదిలో దుకాణం పెట్టితే, ఆ సంగతి కంపెనీకి తెలియజేయాలి. తెలియజేయని పక్షంలో పరిహారం నిరాకరించే అవకాశం ఉంది. యజమాని పాలసీ అద్దెదారు సామానుకు వర్తించదు. అద్దెదారు తన సామానుకు విడిగా పాలసీ తీసుకొనవచ్చు, కాని ఆ అలవాటు ఇక్కడ అరుదు.

వంటగ్యాసు ప్రమాదాల విషయంలో చమురు కంపెనీలు తమ వినియోగదారుల కోసం ఒక సామూహిక పాలసీ నడుపుతున్నాయి. ఆస్తి నష్టానికి ఒక్కో ప్రమాదానికి రెండు లక్షల రూపాయల వరకు, మరణానికి మనిషికి ఆరు లక్షల వరకు పరిహారం ఉంటుంది. అయితే ఆస్తి నష్టపరిహారం కనెక్షను నమోదైన చిరునామాకే వర్తిస్తుంది. ఊరు మారి వచ్చిన అద్దెదారు పాత చిరునామాతోనే సిలిండరు తెచ్చుకుంటూ ఉంటే ఈ రక్షణ ఆ ఇంటికి దక్కదు. అద్దెకు ఇచ్చేటపుడు ఆధార్ నకలు అడిగే యజమాని గ్యాసు పుస్తకం అడగడం కూడా అవసరమే.

నష్టం జరిగినపుడు వెంటనే కంపెనీకి తెలియజేసి, సర్వేయరు వచ్చి చూసేవరకు శిథిలాలను వీలైనంతవరకు కదపకుండా ఉంచి, ఫొటోలు తీసుకోవాలి. అగ్నిప్రమాదమైతే అగ్నిమాపక శాఖ నివేదిక అవసరమవుతుంది. కంపెనీ నిర్ణయంతో తృప్తి చెందనివారు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 2023 నుండి 50 లక్షల రూపాయల వరకు పరిహారాన్ని నిర్ణయించే అధికారం వీరికి ఉంది. దీనికి రుసుము లేదు.

ఒప్పందం, అడ్వాన్సు

ఏడాదికి మించిన కౌలు ఒప్పందాన్ని 1908 రిజిస్ట్రేషను చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి రావడానికి కారణం ఇదే. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెను, ఇతర భవనాలకు ఆరు నెలల అద్దెను అడ్వాన్సుకు గరిష్ఠ పరిమితిగా సూచించింది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, వెల్ల, గొట్టాలు, వైరింగు మార్పిడి యజమాని పని అని, కొళాయి వాషర్లు, కాలువల శుభ్రత, స్విచ్చులు వంటివి అద్దెదారు పని అని అందులో విభజించారు. ఒప్పందం వ్రాసుకొనేటపుడు ఈ పట్టిక మంచి ఆధారం.

అద్దె ఎక్కువ చెప్పి రెండు నెలలు ఖాళీగా ఉంచడం కంటే కొద్దిగా తగ్గించి నింపుకోవడం లాభమా అన్నది చిన్న లెక్కతో తేలుతుంది. రూ. 9,000 పోర్షనుకు రూ. 10,000 అడిగి రెండు నెలలు ఎదురు చూస్తే ఏడాదికి లక్ష రూపాయలు వస్తాయి. వెంటనే రూ. 9,000కు ఇస్తే రూ. 1,08,000 వస్తాయి.

ఆదాయపు పన్ను

అద్దె ఆదాయంలోనుండి చెల్లించిన ఇంటి పన్నును తీసివేసి, మిగిలినదానిలో 30 శాతాన్ని అన్ని ఖర్చుల కింద మినహాయిస్తారు. అప్పుపై వడ్డీకి మినహాయింపు వేరు. నిజంగా ఎంత ఖర్చైనదీ అడగరు, రసీదులు చూపనక్కరలేదు. లోగడ మరమ్మతులకు నాలుగో వంతు, బీమా రుసుముకు విడిగా మినహాయింపు ఉండేవి. 2001 ఆర్థిక చట్టం వీటన్నింటినీ కలిపి 30 శాతం చేసింది. 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టంలో కూడా ఈ 30 శాతమే కొనసాగింది.

పై ఉదాహరణలో ఖాళీ నెల పోగా వచ్చిన అద్దె రూ. 1,98,000. ఇంటి పన్ను పోగా రూ. 1,92,000. దానిలో 30 శాతం రూ. 57,600. నిజమైన ఖర్చు రూ. 47,800. ఆ ఏడాదికి చట్టం ఇచ్చినది ఎక్కువే. కాని గోడలు పగిలి లక్షన్నర ఖర్చైన ఏడాది కూడా మినహాయింపు అంతే ఉంటుంది. బీమా కట్టినా కట్టకపోయినా పన్ను మారదు. పూర్వం రుసుముకు విడిగా ఉన్న ఆ చిన్న ప్రోత్సాహం ఈ మార్పుతో పోయింది.

దుకాణాలు

వ్యాపార వీధులలోని దుకాణ సముదాయాలకు అద్దె ఎక్కువ, ఖర్చు కూడా ఎక్కువ. ఇంటి పన్ను రేటు నివాసేతర శ్రేణిలో ఉంటుంది. యజమాని వార్షిక ఆదాయం 20 లక్షలు దాటితే అద్దెపై 18 శాతం వస్తుసేవల పన్ను వర్తిస్తుంది. ఐదు కోట్ల రూపాయల లోపు విలువ గల వ్యాపార ఆస్తులకు 2021 నుండి "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" అనే ప్రామాణిక పాలసీ ఉంది. దీని రుసుము లోపల నడిచే వ్యాపారాన్ని బట్టి ఉంటుంది. మందుల దుకాణానికి, పక్కనే ఉన్న పత్తి గోదాముకు ఒకే రుసుము ఉండదు. ఒకే స్లాబు కింద వేర్వేరు వ్యాపారాలు ఉన్నపుడు ప్రమాదం ఎక్కువగా ఉన్న దుకాణాన్ని బట్టి మొత్తం భవనం రుసుము పెరగవచ్చు కాబట్టి, అద్దె నిర్ణయించేటపుడు ఆ తేడాను కూడా యజమానులు లెక్కలోకి తీసుకొనవలసి ఉంటుంది.